వాహన సందేహాలు: ఫ్లైవీలు బరువు తగ్గించవచ్చునా?

ప్రశ్న: నా వద్ద 1.3 లీటర్ల పెట్రోల్ ఇంజనుతో వచ్చిన పాత స్విఫ్ట్ కారు ఉంది. క్యామ్ షాఫ్ట్ (ఇంజను వాల్వులను తెరిచే కడ్డీ) మార్పించి, పొగను సులువుగా వదిలే ఫ్రీ ఫ్లో సైలెన్సర్ బిగించి, ఈసీయూలో (ఇంజనును నియంత్రించే కంప్యూటరులో) కొత్త మ్యాప్, అంటే కొత్త సెట్టింగులు, వేయించాను. ఇప్పుడు క్లచ్ ప్లేటు అరిగిపోయి గేర్ బాక్సు ఎలాగూ దించవలసి వచ్చింది. పనిలో పనిగా ఫ్లైవీలును (ఇంజను చివర క్లచ్‌కు ఆనుకుని తిరిగే బరువైన చక్రాన్ని) లేత్ మీద చెక్కించి రెండున్నర కిలోలు తగ్గిస్తే బండి మరింత చురుకుగా ఉంటుందని మా మెకానిక్ అంటున్నాడు. రోజూ కావలి నుంచి నెల్లూరు వెళ్లి వస్తాను. అప్పుడప్పుడు రాపూరు ఘాట్ మీదుగా చిట్వేలి వెళుతుంటాను. చెక్కించమంటారా?
ఒక పాఠకుడు, కావలి

జవాబు: చెక్కించవద్దు. తేలికైన ఫ్లైవీలే పనికిరాదని నేను అనడం లేదు. ఉన్నదాన్ని చెక్కించే పద్ధతి వద్దంటున్నాను.

మన పొలాల్లో నీళ్లు తోడే పాతకాలపు ఆయిల్ ఇంజనుకు అంత బరువైన చక్రాలు ఎందుకో మీకు తెలిసే ఉంటుంది. ఒకే సిలిండరుతో నడిచే ఆ ఇంజను రెండు చుట్లకు ఒక్కసారి మాత్రమే బలాన్నిస్తుంది. మిగిలిన సమయమంతా చక్రంలో నిలవైన శక్తే దాన్ని ముందుకు తిప్పుతుంది. నాలుగు సిలిండర్ల మీ కారులో ప్రతి అరచుట్టుకూ ఒక దహనం జరుగుతుంది కనుక అంత బరువు అక్కరలేదు గాని, ఐడ్లింగులోనూ (బండి ఆగి ఇంజను మాత్రం నెమ్మదిగా తిరిగేటప్పుడు), క్లచ్ వదిలే క్షణంలోనూ ఇంజనును ఆదుకునేది ఈ ఫ్లైవీలే.

ఇక లాభం ఎంత అన్నది లెక్క వేసి చూద్దాం. ఫ్లైవీలు తేలికైతే ఇంజను శక్తి పెరగదు. ఇంజను తన్ను తాను వేగంగా తిప్పుకోవడానికి ఖర్చుపెట్టే భాగం తగ్గుతుంది, అంతే. మీరు తీయించే రెండున్నర కిలోలూ మధ్య నుంచి 10 సెంటీమీటర్ల దూరంలోనివని, టైరు వ్యాసార్ధం 30 సెంటీమీటర్లని అనుకుందాం. కారు చక్రం ఒక చుట్టు తిరిగేలోగా ఇంజను 14 చుట్లు తిరిగే మొదటి గేరులో, అది కారు బరువు సుమారు 54 కిలోలు తగ్గినదానితో సమానం. 8 చుట్లు తిరిగే రెండో గేరులో అది 18 కిలోలకు పడిపోతుంది. మూడు చుట్ల పైచిలుకు మాత్రమే తిరిగే అయిదో గేరులో మూడు కిలోలైనా ఉండదు. కావలి నుంచి నెల్లూరు దాకా 16వ నంబరు జాతీయ రహదారి మీద మీరు నడిపేది చాలావరకు అయిదో గేరులోనే కదా. డిక్కీలోని స్టెప్నీ టైరును ఇంట్లో వదిలి వెళ్లినా అంతకు మించిన ఫలితం ఉంటుంది. (నిజంగా వదిలి వెళ్లకండి.)

రాపూరు ఘాట్‌లో మాత్రం తేడా తెలుస్తుంది. మలుపు ముందు గేరు తగ్గించేటప్పుడు యాక్సిలరేటరు తాకగానే ఇంజను చటుక్కున లేస్తుంది, ఆ హాయిని నేను కాదనను. అయితే ఎక్కుడులో లోడు లారీ వెనుక ఆగి మళ్లీ కదలవలసి వచ్చినప్పుడు అదే ఇంజను చటుక్కున చతికిలబడుతుంది. పైగా మీ క్యామ్ షాఫ్ట్ మామూలుది కాదు. అటువంటి క్యామ్‌తో ఇంజను ఐడ్లింగులో ముందే తడబడుతుంటుంది కనుక ఈ రెండూ కలిస్తే ఐడ్లింగు పెంచక తప్పదు. నేను ఒకప్పుడు నా సొంత బండికి ఇటువంటి ఫ్లైవీలు వేయించుకుని, ఎండాకాలంలో ఏసీ వేసుకుని ఒంగోలు ట్రంకు రోడ్డులో నత్తనడకన సాగుతూ, ఒకే మధ్యాహ్నం నాలుగుసార్లు ఇంజను ఆగిపోయిన అవస్థ పడ్డాను.

లేత్ విషయం ఇంతకంటే ముఖ్యమైనది. కంపెనీ ఫ్లైవీళ్లు చాలావరకు పోత ఇనుముతో చేసినవి. పోత ఇనుము నొక్కుడును తట్టుకుంటుంది గాని లాగుడును అంతగా తట్టుకోదు. 26 సెంటీమీటర్ల వ్యాసం గల ఫ్లైవీలు నిమిషానికి 6,500 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు 300 కిలోమీటర్లకు మించిన వేగంతో కదులుతుంది, ఆ వేగం పెరిగేకొద్దీ అంచును బయటికి లాగే బలం వేగవర్గంతో పెరుగుతుంది. క్లచ్ జారినప్పటి వేడికి ఏర్పడిన సన్నని పగుళ్లు పాత ఫ్లైవీలులో ఉండవచ్చు. చెక్కి పలచన చేసిన చోట అది పగిలితే ముక్కలు బెల్ హౌసింగును (ఫ్లైవీలునూ క్లచ్‌నూ కప్పి ఉంచే డొప్పను) చీల్చుకుని వచ్చేది డ్రైవరు కాళ్ల దగ్గరికే. పలచనైన ఫ్లైవీలు క్లచ్ వేడిని కూడా తక్కువగా పీల్చుకుంటుంది కనుక త్వరగా వంకరపోయి, కదిలేటప్పుడు బండి దడదడలాడుతుంది.

అయినా కోరిక తీరకపోతే, మీ ఇంజను కొలతలకు ఉక్కు దిమ్మె నుంచి తయారైన ఫ్లైవీలును కొనండి. దాన్ని ప్రెషర్ ప్లేటుతో (క్లచ్ ప్లేటును ఫ్లైవీలుకు అదిమి ఉంచే భాగంతో) కలిపి బ్యాలెన్సింగ్ చేయించి, కొత్త బోల్టులతో, బిగింపు ఎంతో కొలిచి చూపే టార్క్ రెంచితోనే బిగించమనండి. ఆ తరువాత చెక్ ఇంజన్ దీపం వెలిగితే కంగారుపడి ప్లగ్గులు మార్చవద్దు. క్రాంక్ (ఫ్లైవీలును తిప్పే ఇంజను ఇరుసు) వేగంలోని హెచ్చుతగ్గులను బట్టి మిస్‌ఫైర్‌ను, అంటే సిలిండరులో దహనం తప్పిపోవడాన్ని, కనిపెట్టే ఈసీయూ, తేలిక ఫ్లైవీలు వల్ల పెరిగిన హెచ్చుతగ్గులను మిస్‌ఫైరేనని పొరబడే అవకాశం ఉంది. మ్యాప్ వేసినవారికి ఆ సంగతి ముందే చెప్పండి. తీసిన పాత ఫ్లైవీలును పాత ఇనుము కింద అమ్మేయక, నూనె రాసి అటక మీద ఉంచండి. కారు అమ్మే రోజున కొనేవారు మొదట అడిగేది దాన్నే.