సైడ్ ప్రాజెక్టుగా డెత్ మెటల్ బ్యాండు పెట్టేముందు

చిన్నా,

నీ ఉత్తరం చదివాను. వేర్వేరు బ్యాండ్లలో వాయిస్తున్న మీ నలుగురూ కలిసి పక్కన ఒక డెత్ మెటల్ (బరువైన గిటార్లు, గరగర గొంతుతో సాగే రాక్ సంగీతం) బ్యాండు పెట్టాలనుకోవడం నాకు చాలా నచ్చింది. పేరు గురించి, లోగో గురించి బోలెడు రాశావు గానీ ఎవరు ఏ నెలలో ఖాళీగా ఉంటారో ఒక్క ముక్క రాయలేదు. ఇలాంటి బ్యాండ్లను ఎక్కువగా ముంచేది తేదీలే.

స్వీడన్ డెత్ మెటల్ బ్యాండు బ్లడ్‌బాత్ సంగతే చూడు. అదీ వేరే బ్యాండ్ల వాళ్ళు కలిసి పెట్టిందే. 1998లో స్టాక్‌హోమ్‌లో మొదలైంది. కటటోనియా నుంచి ఆండర్స్ న్యూస్ట్రోమ్, యోనాస్ రెంక్‌సే, ఓపెత్ నుంచి మికాయెల్ ఓకెర్‌ఫెల్ట్, ఎడ్జ్ ఆఫ్ శానిటీ నడిపిన డాన్ స్వానో. అప్పటికే కటటోనియాలో గ్రోల్ (గొంతు గరగరలాడిస్తూ పాడే పద్ధతి) పోయి మామూలు పాట వచ్చేసింది. పాత స్వీడిష్ డెత్ మెటల్ మీద ప్రేమ మాత్రం పోలేదు, దానికొక చోటు కావాల్సి వచ్చింది. ఓపెత్ పనులు పెరిగి ఓకెర్‌ఫెల్ట్ తప్పుకుంటే, 2004 ఆల్బమ్‌కి హిపోక్రసీ గాయకుడు పీటర్ టెగ్ట్‌గ్రెన్ పాడాడు. 2008 ఆల్బమ్‌కి ఓకెర్‌ఫెల్ట్ మళ్ళీ వచ్చాడు. 2014 నుంచి పారడైజ్ లాస్ట్ గాయకుడు నిక్ హోమ్స్. గొంతులు ఇన్నిసార్లు మారినా బ్యాండు నిలిచిందంటే, న్యూస్ట్రోమ్, రెంక్‌సే ఇద్దరూ కదలకుండా ఉండబట్టే. మీ నలుగురిలో ఆ ఇద్దరు ఎవరో ఇప్పుడే తేల్చుకోండి. అసలు బ్యాండు పిలిస్తే ఎవరైనా మారుమాట లేకుండా వెళ్ళొచ్చని, ఆ ఖాళీలో ఎవరిని పిలవాలో ఆ ఇద్దరే చూస్తారని ముందే ఒప్పుకోండి.

ఇంకొకటి గమనించు. కటటోనియాలో పాడే రెంక్‌సే ఇక్కడ బాస్ గిటారు పట్టుకున్నాడు. స్వానో మొదట డ్రమ్స్ వాయించి, డ్రమ్మర్ మార్టిన్ ఆక్సెన్‌రోట్ వచ్చాక గిటారుకి మారాడు. అసలు బ్యాండులో చేసే పనే ఇక్కడా చేస్తే పాత అలవాట్లు, పాత హోదాలు వెంట వస్తాయి. మీలో ఒక్కరైనా పని మార్చుకోండి.

మొదటి విడుదలకి మూడు పాటలు చాలు. 2000లో వచ్చిన బ్లడ్‌బాత్ మొదటి ఈపీ (ఆల్బమ్ కన్నా చిన్న విడుదల) కూడా మూడు పాటలే, పూర్తి ఆల్బమ్ 2002లో వచ్చింది. పది పాటలు పెట్టుకుంటే ఏడో పాట దగ్గర ఎవరో ఒకరు టూరుకి పోతారు.

ఇక సౌండు. స్వీడిష్ సౌండ్ కావాలన్నావు కాబట్టి బాస్ (Boss) అనే కంపెనీ హెచ్‌ఎం-2 పెడల్ (గిటారు మోతని మార్చే, కాలితో నొక్కే పెట్టె) దగ్గర కాస్త ఆగాలి. 1990లో వచ్చిన స్వీడిష్ బ్యాండు ఎంటూమ్డ్ మొదటి ఆల్బమ్ సన్‌లైట్ స్టూడియోలో నిర్మాత తోమస్ స్కోగ్స్‌బెర్గ్ చేతిలో తయారైనప్పటి నుంచి ఆ రంపపు మోతకి ఈ పెడలే గుర్తు. లెవెల్, డిస్టార్షన్, కలర్ మిక్స్‌లో లో, హై: నాలుగు నాబ్‌లూ చివరిదాకా తిప్పు. ఆంప్ (యాంప్లిఫయర్) గెయిన్, అంటే మోతని చీల్చే నాబ్, మాత్రం రెండు, మూడు దాటనీయకు. రెండు చోట్లా గెయిన్ పెంచితే రిఫ్‌లో (పదేపదే వచ్చే గిటారు వరసలో) ఏ నోటూ విడిగా వినపడదు. పాతది కొంటే అడాప్టర్ చూసుకో, ఏసీఏ అని రాసి ఉన్న వాటికి ఇప్పటి 9 వోల్టుల అడాప్టర్ ఒక్కటే పెడితే లైటు మసకగా వెలిగి సౌండు నీరసంగా వస్తుంది. 2020లో ఇదే పెడల్‌కి వచ్చిన కొత్త వాజా మోడల్‌తో ఆ బాధ లేదు. హోరు ఆపడానికి అదే కంపెనీ ఎన్‌ఎస్-2 పెడల్ వాడు: గిటారు దాని ఇన్‌పుట్‌లోకి, సెండ్ నుంచి హెచ్‌ఎం-2కి, అక్కడి నుంచి రిటర్న్‌కి, అవుట్‌పుట్ ఆంప్‌కి. దాన్ని హెచ్‌ఎం-2 తర్వాత ఊరికే వరసలో పెడితే సాగాల్సిన నోట్లను కూడా కోసేస్తుంది.

బి స్టాండర్డ్ ట్యూనింగ్‌కి (మామూలు శ్రుతికన్నా బాగా కిందికి దింపినది) లావు తీగ కనీసం 60 (అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన) ఉండాలి, తీగ పొడవు తక్కువుండే పొట్టి స్కేల్ గిటారైతే 62. నట్ (తీగలు మెడ చివర ఆనే పట్టీ) గాడి వెడల్పు చేయించి, ఇంటొనేషన్ (మెడ పొడవునా శ్రుతి సరిగ్గా పలకడం) మళ్ళీ సరిచేయించు. సన్న తీగతో కిందికి దింపితే గట్టిగా కొట్టిన ప్రతిసారీ శ్రుతి పైకి పోయి, రెండు గిటార్లూ కలవవు. మిక్స్‌లో గిటార్లకి 80 నుంచి 100 హెర్ట్జ్ కింద కోసెయ్. ఈ పెడల్ అడుగున బాగా ఉబ్బుతుంది, వదిలేస్తే బాస్, కిక్ డ్రమ్ రెండూ మునిగిపోతాయి. రిథమ్ గిటారు ఎడమకొకటి, కుడికొకటి చాలు. నాలుగు పెడితే గోడలా ఉంటుందనుకుంటారు గానీ, ఇంత డిస్టార్షన్‌తో బురద అవుతుంది.

తలో ఊళ్ళో రికార్డు చేస్తారు కాబట్టి క్రమం తప్పొద్దు. ముందు టెంపో మ్యాప్ (పాట వేగం ఎక్కడ ఎంతో చూపే పట్టిక), దాని మీద గైడ్ గిటారు (మిగతావాళ్ళకి దారి చూపే తాత్కాలిక ట్రాకు), తర్వాత డ్రమ్స్, ఆపైన అసలు గిటార్లు, బాస్, చివర గొంతు. ప్రతి ఫైలూ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, పాట మొదట్లో సున్నా సెకను నుంచే మొదలవ్వాలి. 48లో చేసిందాన్ని ఎవరైనా మార్చకుండా 44.1లో తెరిస్తే పాట నెమ్మదించి, శ్రుతి సుమారు ఒకటిన్నర సెమిటోన్ దిగిపోతుంది. ఆంప్ సౌండుతో పాటు గిటారు డీఐ (ఆంప్ లేకుండా గిటారు నుంచి నేరుగా తీసుకున్న రికార్డింగు) కూడా దాచమను. అది లేకపోతే సౌండు నచ్చనప్పుడు పార్ట్ మొత్తం మళ్ళీ వాయించాల్సిందే.

గ్రోల్ టేక్‌లు ఒక్కరోజులో తోసెయ్యొద్దు. పాటకి ఒక రోజు, గంటన్నర మించకుండా. గొంతు మండితే ఆ రోజుకి అంతే.

కాగితాల పని రెండే. అసలు బ్యాండుకి లేబుల్ ఒప్పందం ఉన్నవాళ్ళు అందులో ఎక్స్‌క్లూజివ్ షరతు (వేరే ఎవరికీ వాయించకూడదన్నది) ఉందేమో చూసి, వేరే చోట వాయించడానికి రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోవాలి. విడుదలయ్యాక అడిగితే పాట తీసెయ్యమంటారు. పాట ఎవరిది, వాటా ఎంత అన్నది రికార్డింగు రోజే రాసి నలుగురూ సంతకం పెట్టండి.

పేరు ఖాయం చేసేముందు మెటల్ ఆర్కైవ్స్ (మెటల్ బ్యాండ్ల జాబితా ఉండే వెబ్‌సైట్)లో వెతుకు. అదే పేరుతో ఏ దేశంలోనైనా ఇంకో బ్యాండు ఉంటే, స్ట్రీమింగ్‌లో మీ పాటలు వాళ్ళ పేజీలో కలిసిపోయే ప్రమాదం ఉంది.

ఆశీస్సులతో,
బాబాయి