రేషన్ కార్డు ఉంటే కడుపు నిండినట్టేనా?

ప్రశ్న: మా మండలంలో తిండికి ఇబ్బంది పడేవాళ్లు ఎంతమందో సర్వే చేద్దామనుకుంటున్నామండి. దాదాపు అందరికీ కార్డులున్నాయి, మరి ఎవరికి చాలట్లేదో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: కార్డు చూసి లెక్కేస్తే అసలు సంగతి దొరకదమ్మా. మనిషికి నెలకి 6 కిలోల బియ్యం వస్తాయి, మంచిదే, కానీ పప్పు, నూనె, కూర, గుడ్డు ఎక్కణ్ణుంచి రావాలి? ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వాళ్ల 8 ప్రశ్నలు వాడండి. డబ్బుల్లేక తిండి సరిపోదేమోనని దిగులుపడ్డారా అని మొదలై, రకాలు తగ్గించారా, పూట మానేశారా, చివరికి రోజంతా పస్తున్నారా అనేదాకా వెళ్తాయి, గడిచిన 12 నెలలకీ అడగొచ్చు, 30 రోజులకీ అడగొచ్చు. పంట చేతికొచ్చిన నెలలో ఒక్కసారే అడిగి వదిలేయకండి, పనుల్లేని ఎండాకాలంలో కూడా వెళ్లండి.

ఇంకోటి, నాకైతే ఇదే ముఖ్యం, మండలం మొత్తానికి ఒకే సగటు తీయొద్దు. నల్లమల అడవిలో చెంచుల పెంటలు (గూడేలు), ఇటుక బట్టీలకి వలసెళ్లినవాళ్లు, ఒంటరి ముసలాళ్లు, వీళ్లందరూ ఆ సగటులో కలిసిపోయి కనపడకుండా పోతారు, అందుకే ఒక్కో గుంపు నుంచి సరిపడా ఇళ్లు విడిగా తీసుకోండి. ఇంటాయన్ని ఒక్కణ్ణే అడిగితే అంతా బాగుందంటాడు, ఆఖర్న తినేది ఆడమనిషి కదా! ఆమెని విడిగా, పక్కింటివాళ్లు లేనప్పుడు అడగండి. 15–49 ఏళ్ల ఆడవాళ్లయితే నిన్న ఏమేం తిన్నారో కూడా రాసుకోండి, 10 రకాల ఆహార వర్గాల్లో కనీసం 5 ఉండాలని ప్రమాణం. పేర్లు మాత్రం బయటపెట్టొద్దమ్మా.