అరవై కొట్టినా ఎందుకివ్వలేదు?

ప్రశ్న: మాస్టారూ, మావాడు సియాటిల్‌లో ఉద్యోగం. మొన్న సంక్రాంతికి వచ్చి పొద్దస్తమానం బేస్‌బాల్ గొడవే. వాళ్ల ఊరి జట్టులో కాల్ రాలీ 2025లో 60 హోమ్ రన్లు, అంటే మన సిక్సర్లలాంటివి, కొట్టాడట. ఎంవీపీ, అదే అత్యంత విలువైన ఆటగాడి బహుమతి, మాత్రం న్యూయార్క్ ఆరన్ జడ్జ్‌కి పోయిందట. "అన్యాయం నాన్నా" అంటాడు. అసలు అది ఎవరిస్తారండి? జట్టు కప్పు గెలవకపోయినా ఇస్తారా?
– ఒక కొబ్బరి రైతు, అంబాజీపేట

జవాబు: ఇచ్చేది బోర్డూ కాదు, జట్ల యజమానులూ కాదండి. పత్రికల్లో బేస్‌బాల్ గురించి రాసేవాళ్లు. 1931 నుంచీ వాళ్ల సంఘానిదే ఆ పెత్తనం. అక్కడ రెండు లీగులు, ఒక్కోదాంట్లో 15 జట్లు, లీగుకో ఎంవీపీ. ఒక్కో జట్టుండే ఊరి నుంచి ఇద్దరు చొప్పున 30 మంది, పదేసి పేర్లు వరసలో రాసిస్తారు. మొదటి పేరుకి 14 పాయింట్లు, రెండోదానికి 9, తర్వాత 8, 7... పదో పేరుకి ఒకటి.

ఆ 14కీ 9కీ మధ్య గండి ఉంది చూశారూ, రాలీ కొట్టుకుపోయింది అక్కడే. 30 మందీ మొదటి రెండు పేర్లూ వీళ్లవే రాశారు. 17 మంది జడ్జ్‌ని ముందు పెడితే, 13 మంది రాలీని. గుణించి చూసుకోండి, 355, 335. జడ్జ్‌ని ముందు పెట్టినవాళ్లలో ఇద్దరు మనసు మార్చుకునుంటే సరిసమానం! 1979లో అలాగే కీత్ హెర్నాండెజ్, విల్లీ స్టార్‌జెల్ చెరిసగం పంచుకున్నారు కూడా.

కప్పుకీ దీనికీ సంబంధం లేదు. 162 ఆటల సీజనైపోగానే, నాకౌట్లు మొదలవకముందే ఓట్లు పెట్టెలో పడిపోతాయి. 1987లో ఆండ్రే డాసన్‌కి ఇచ్చినప్పుడు ఆయన జట్టు తన డివిజన్లో, అంటే లీగులో తన గుంపులో, ఆఖరిది.

జడ్జ్ తక్కువవాడేం కాదు లెండి. 53 హోమ్ రన్లు, బ్యాటింగ్ సగటు .331, అంటే వెయ్యి ప్రయత్నాలకి 331 హిట్లు, లీగులో అందరికన్నా పైన. రాలీది .247. కాగితం మీద జడ్జే. కానీ రాలీ క్యాచర్. మన వికెట్ కీపర్‌లాగే, కాకపోతే ఆటంతా గొంతుక్కూర్చుని, ఏ బంతి వెయ్యాలో పిచర్‌కి, అంటే బంతి విసిరేవాడికి, చెబుతూ ఉండాలి. ఆ మోకాళ్లతో అరవై! నా ఓటుంటే వాడికే వేసేవాణ్ణి.

దీంట్లో నా సొంత ఉక్రోషం కూడా ఉందనుకోండి. నా ఇరవయ్యో ఏట మా ఊళ్లో సంక్రాంతి వాలీబాల్ పోటీలు. ఫైనల్ కనుమనాడైతే జనం జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పోతారని, ఉత్తమ ఆటగాడి బహుమతి ముందురోజే, సెమీఫైనల్ కాగానే ఇచ్చేశారు. టేబుల్ ఫ్యాను. మూడు రోజులూ వంగి, దొర్లి, బంతి వల మీదికి అందించింది నేను. ఎగిరి కొట్టింది మా పక్కింటి బావ. ఫ్యాను ఆయనకి.

అదింకా తిరుగుతోందండి. నేను వెళ్తే చాలు, పనిగట్టుకుని నావైపు తిప్పుతాడు.