నోరు, గొంతు క్యాన్సర్ రేడియేషన్‌కి ముందు ఇన్ని స్కాన్‌లు ఎందుకు?

"సీటీ తీశారు కదా, మళ్ళీ ఎంఆర్ఐ, పెట్ దేనికి?" అని చాలామంది అడుగుతారు. ఒక్కోటి చూపించేది ఒక్కోటి, అందుకని.

రేడియేషన్ ఎక్కడ, ఎంత ఇవ్వాలో లెక్కగట్టే ప్లానింగ్ నడిచేది మాత్రం సీటీ మీదే. వేడి నీళ్ళలో మెత్తబడ్డ ప్లాస్టిక్ షీట్‌ని మొహం మీద పరిచి, అది చల్లారి మాస్క్‌లా గట్టిపడ్డాక, తల కదలకుండా ఆ మాస్క్‌తోనే పడుకోబెట్టి 2-3 మిల్లీమీటర్ల పలచటి ముక్కలుగా సీటీ తీస్తారు. ఎముక, కండ, గాలి ఏది ఎంత సాంద్రంగా ఉందో అందులో తెలుస్తుంది, డోసు లెక్కకి కంప్యూటర్‌కి కావాల్సింది అదే. జబ్బు కనిపెట్టినప్పటి పాత సీటీలో తల వంపు వేరు, కాబట్టి అది సరిపోదు.

కానీ నాలుక మొదట్లో గడ్డ ఎక్కడ ఆగిందో, మంచి కండ ఎక్కడ మొదలైందో సీటీలో అంత తేటగా కనపడదు, పైగా పళ్ళలో లోహపు ఫిల్లింగులుంటే ఆ చోటంతా గీతలే. అక్కడ ఎంఆర్ఐ ఆదుకుంటుంది, నరాల వెంట పుర్రె అడుగుకి పాకిన జబ్బుని కూడా పట్టిస్తుంది. పెట్‌లో (ఒంట్లో చక్కెర ఎక్కువగా వాడుకునే చోట్లని చూపించే స్కాన్) క్యాన్సర్ ఉన్న లింఫ్ గ్రంథులు వెలుగుతాయి, అయితే మామూలు ఇన్ఫెక్షన్ కూడా వెలుగుతుంది, గుడ్డిగా నమ్మలేం.

వీటిని ఒకదానిమీద ఒకటి సరిపెట్టి, డాక్టర్ ప్రతి ముక్కలోనూ గడ్డ, వెన్నుపాము, లాలాజల గ్రంథుల హద్దులు గీస్తారు. ఓపిక పరీక్షించే పని ఇదే! గడ్డకి తరచూ 35 సిట్టింగుల్లో 70 గ్రే (రేడియేషన్ డోసు కొలత) ఇస్తారు, చెవి కింది పెరోటిడ్ గ్రంథికి మాత్రం సగటున 26 గ్రే దాటకుండా చూస్తారు, దాటితే నోరు ఎండిపోయే ప్రమాదం ఎక్కువ.

మధ్యలో బరువు తగ్గి మాస్క్ వదులైతే మళ్ళీ సీటీ, మళ్ళీ ప్లాన్.