మా పీహెచ్‌సీలో పాముకాటు మందు లేదు, శ్రీలంకకు మాత్రం ఓడలో మందులా? 108లో పనిచేసిన మనిషిగా నా జవాబు

అడిగినవారి ప్రశ్న ఇది: "2022లో మా బాబాయికి పాము కరిస్తే, మా ఊరి పీహెచ్‌సీలో ఇంజెక్షన్ లేదని 40 కిలోమీటర్లు తీసుకెళ్లాం. అదే వారం మన ఓడ శ్రీలంకకు మందులు పట్టుకెళ్తోందని టీవీలో చూపించారు. మనకే లేనప్పుడు పక్క దేశానికి ఇవ్వడం ఎందుకు? ఇచ్చినా అక్కడి మామూలు జనానికి చేరుతుందా?"

బాబాయి గారు ఇప్పుడు బాగున్నారని రాశారు, సంతోషం. ఆ 40 కిలోమీటర్లు ఎంత టెన్షన్‌గా ఉంటాయో నాకు తెలుసండి. 2007లో 108లో ఈఎంటీగా (బండిలో వైద్యం చేసే మనిషిగా) చేరి, నల్గొండ వైపు నాలుగేళ్లు బండి మీద పనిచేశాను. పాముకాటు కేసుల్లో మనిషి కనురెప్పలు వాలిపోతుంటే ఆంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) నొక్కుతూ, ఇంకా ఎన్ని కిలోమీటర్లని పైలట్‌ను అడుగుతూ గడిపిన రాత్రులు నావి కూడా. (108లో డ్రైవర్‌ను పైలట్ అనే అంటాం.) మీ కోపం న్యాయమైనదే. కానీ కోపం ఆ ఓడ మీద కాదు, ఇంకో చోట పడాలని నేను ఎందుకు అనుకుంటున్నానో చెప్తాను.

తర్వాత నేను ట్రైనర్‌ని అయ్యాను. 2016లో మేడ్చల్ రోడ్డులో, 108ను నడిపిన జీవీకే ఈఎంఆర్‌ఐ సంస్థ క్యాంపస్‌కు శ్రీలంక నుంచి కుర్రాళ్లు, అమ్మాయిలు శిక్షణకు వచ్చారు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన మన 108 లాంటిదే తమ దేశంలోనూ పెట్టుకోవాలని అక్కడి ప్రభుత్వం అనుకుంది, మన ప్రభుత్వం గ్రాంటు ఇచ్చింది. మొదటి విడతలో 75.6 లక్షల డాలర్లతో 88 అంబులెన్సులు, పశ్చిమ, దక్షిణ ప్రావిన్సులకు. నంబర్ 1990, పేరు సువసెరియ. ఆరోగ్యాన్ని మోసే బండి అని మా ట్రైనీలు అర్థం చెప్పారు.

వాళ్లకు నేర్పించబోయే ముందు నాలో కొంచెం పెద్దరికం ఉండేదని ఒప్పుకోవాలి. మనం ఇచ్చేవాళ్లం, వాళ్లు పుచ్చుకునేవాళ్లు అన్న భావన. అది రెండో రోజుకే పోయింది. శ్రీలంకలో ప్రభుత్వ వైద్యం ఉచితం, శిశు మరణాలు మన కన్నా చాలా తక్కువ, ఆయుర్దాయం మన కన్నా ఎక్కువ. డెలివరీ కిట్ గురించి చెప్తుంటే ఒకమ్మాయి "మా దగ్గర దాదాపు అందరూ ఆస్పత్రిలోనే కంటారు అక్కా" అంది. వాళ్లకు లేనిది ఆస్పత్రి కాదు, ఆస్పత్రి దాకా వెళ్లే దారిలో వైద్యం. గుండెపోటు వచ్చినా, రోడ్డు మీద దెబ్బ తగిలినా త్రీవీలర్‌లో కూర్చోబెట్టి తీసుకుపోవడమే. మెడ విరిగిన మనిషిని త్రీవీలర్‌లో మడిచి కూర్చోబెడితే ఏమవుతుందో ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు. ఆ ఒక్క ఖాళీని నింపే పని మనకు బాగా వచ్చు, అందుకే వాళ్లు మనల్ని అడిగారు.

"అక్కా" అన్న పిలుపు గురించి కూడా చెప్పాలి. సింహళంలోనూ అక్కను అక్క అనే అంటారట. తమ్ముణ్ని మల్లి అంటారు, చెల్లెలు నంగి. నిండా గడ్డం ఉన్న కుర్రాణ్ని పట్టుకుని వాళ్లంతా "మల్లీ, మల్లీ" అని పిలుస్తుంటే మా క్యాంటీన్ ఆమె నోరు తెరిచి చూసేది. క్లాసులు ఇంగ్లిష్‌లో జరిగేవి. అర్థం కాని చోట తమిళం వచ్చిన ట్రైనీలు సింహళం వాళ్లకు చెప్పేవాళ్లు, సింహళం వాళ్లు తమిళం వాళ్లకు చెప్పేవాళ్లు. ఆ దేశంలో సింహళ, తమిళ వర్గాల మధ్య అంతర్యుద్ధం ముగిసి అప్పటికి ఏడేళ్లే. ఒకే స్పైన్ బోర్డుకు (వెన్ను కదలకుండా మోసే పలకకు) ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు పట్టుకుని "ఒకటి, రెండు, మూడు" అని లేపడం నేర్చుకుంటుంటే చూసి నాకు కళ్లు చెమర్చాయి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న: చేరుతుందా?

దీనికి నేను చూసిన కొలబద్ద ఒకటే. ఇచ్చినవాళ్లు వెనక్కి వచ్చేశాక అది నడుస్తోందా లేదా? మొదట్లో అక్కడ కూడా అనుమానాలు ఉండేవి. ఇండియా వాళ్లు వచ్చి ఉద్యోగాలు పట్టుకుపోతారని, ఇందులో ఇంకేదో ఉద్దేశం ఉందని గట్టిగా మాట్లాడినవాళ్లున్నారు. కానీ బండెక్కింది, నడిపింది, ఫోన్ ఎత్తింది శ్రీలంక వాళ్లే. 2016 జూలైలో సర్వీసు మొదలైంది. ఇంకో 209 బండ్లకు మరో కోటిన్నర డాలర్ల గ్రాంటు వెళ్లింది. 2018 జూలైలో జాఫ్నాలో ఉత్తర ప్రావిన్సు సేవలు ప్రారంభించి, మిగతా ప్రావిన్సులకూ విస్తరించారు. అదే ఏడాది వాళ్ల పార్లమెంటు చట్టం చేసి సువసెరియ ఫౌండేషన్ ఏర్పాటు చేసింది. పేదవాడైనా ఉన్నవాడైనా ఒక్క రూపాయి ఇవ్వకుండా 1990కి ఫోన్ చేస్తే బండి వస్తుంది. సామాన్యులకు చేరడమంటే ఇంతకన్నా ఏం కావాలండి!

ఇక మీరు టీవీలో చూసిన ఓడ సంగతి. 2022లో శ్రీలంక దగ్గర డాలర్లు అయిపోయాయి. ఆ దేశం వాడే మందుల్లో ఎక్కువ భాగం బయటి నుంచి కొనుక్కునేవే. మార్చి నెలాఖరులో పెరదెనియ ఆస్పత్రిలో మందులు లేక ముందే నిర్ణయించిన ఆపరేషన్లు ఆపేశారు. అప్పుడు మన విదేశాంగ మంత్రి జైశంకర్ కొలంబోలోనే ఉన్నారు, ఆ వార్త చూసి ఏం కావాలో కనుక్కోమని మన హైకమిషనర్‌కు చెప్పారు. ఆ పర్యటనలోనే సువసెరియ కార్యాలయానికీ వెళ్లారు. అక్కడివాళ్లు సరుకు అయిపోతోందని చెప్పారు. జూన్‌లో ఐఎన్ఎస్ ఘరియాల్ అనే నౌక 3.3 టన్నుల వైద్య సామగ్రిని సువసెరియకు తీసుకెళ్లింది.

ఆ రోజుల్లో నా దగ్గర నేర్చుకున్న ఒక నంగి వాట్సాప్‌లో మాట్లాడేది. పెట్రోలు క్యూలు, కరెంటు కోతలు అన్నీ చెప్పేది గానీ, తన దిగులంతా గ్లవ్స్ గురించే. "బండి ఉంది, నేను ఉన్నాను, ఆక్సిజన్ మాస్క్ లేకపోతే నేను వెళ్లి ఏం చేయాలి అక్కా?" అని అడిగింది. బయటివాళ్లకు అంబులెన్స్ అంటే సైరన్, చక్రాలు. మాకు అంబులెన్స్ అంటే వాడి పారేసే చిన్న చిన్న వస్తువులు: గ్లవ్స్, కాన్యులా (నరంలోకి పెట్టే సన్నని గొట్టం), సక్షన్ ట్యూబు, షుగర్ చూసే స్ట్రిప్పు. అవి లేకపోతే అది త్రీవీలర్‌తో సమానం. అందుకే 3.3 టన్నులంటే ఒక దేశానికి ఎంతలే అని మీకు అనిపించవచ్చు, నాకు అలా అనిపించదు. అడిగి తెలుసుకుని పంపిన టన్ను వేరు, ఇంట్లో మిగిలింది మూట కట్టి పంపిన టన్ను వేరు. 2004 సునామీ తర్వాత ఇండోనేసియాలోని ఆచేకు ప్రపంచమంతా పంపిన మందుల్లో చాలావాటిని ఎవరూ అడగలేదు. గడువు తీరినవి, లేబుల్ ఏ భాషో తెలియనివి గుట్టలుగా పడితే వాటిని వదిలించుకోవడమే అక్కడివాళ్లకు పెద్ద పని అయింది.

ఇంకో మాట నిజాయితీగా చెప్పాలి. 2022లో శ్రీలంకకు మనం సుమారు 400 కోట్ల డాలర్ల సాయం చేశామని చెప్తారు. అందులో ఎక్కువ భాగం దానం కాదు. ఇంధనం, ఆహారం, మందులు కొనుక్కోవడానికి ఇచ్చిన అప్పులు, వాయిదా వేసిన చెల్లింపులు. చేబదులు వేరు, ఉచితంగా ఇచ్చింది వేరు. మందులు, పాలపొడి, బియ్యం లాంటివి ఉచితంగా కూడా వెళ్లాయి, తమిళనాడు ప్రభుత్వం ప్రత్యేకంగా పంపింది. ఇందులో మన స్వార్థం లేదా అంటే ఉంది. శ్రీలంకలోని హంబన్‌తోట ఓడరేవు చైనా చేతిలోకి వెళ్లాక పొరుగున మన పరపతి ముఖ్యమని ఢిల్లీ అనుకోవడం సహజం. ఆ లెక్క ఉన్నంత మాత్రాన ఆక్సిజన్ మాస్క్ పనిచేయడం మానదు.

"మనకే లేనప్పుడు" అన్నారు కదా. కోవిడ్ విరుచుకుపడిన 2021 ఏప్రిల్, మే నెలల్లో నేనూ అదే అన్నాను. ఆస్పత్రి గేటు ముందు బండిలోనే పేషెంటును పెట్టుకుని గంటల తరబడి బెడ్ కోసం ఎదురుచూశామని మా పాత సహోద్యోగులు ఫోన్లో ఏడ్చారు. అదే ఏడాది జనవరిలో మనం శ్రీలంకకు 5 లక్షల కోవిషీల్డ్ టీకా డోసులు ఉచితంగా పంపి ఉన్నాం. అవి మన దగ్గరే ఉంటే ఎవరో ఒకరు బతికేవారేమో అనిపించింది. కానీ ఆ రోజుల్లోనే ఎన్నో దేశాల నుంచి ఆక్సిజన్ సిలిండర్లు, కాన్సంట్రేటర్లు మన విమానాశ్రయాల్లో దిగాయి. మన దగ్గర కోవిడ్ ఉద్ధృతి తగ్గాక ఆగస్టులో శ్రీలంకలో ఆక్సిజన్ కరువు వచ్చింది, విశాఖపట్నం నుంచి ఐఎన్ఎస్ శక్తి 100 టన్నుల ద్రవ ఆక్సిజన్ తీసుకుని కొలంబో వెళ్లింది. ఎవరి దగ్గర ఎప్పుడు మిగులుతుందో, ఎప్పుడు లోటు వస్తుందో క్యాలెండర్ వేరు వేరుగా ఉంటుంది. దాన్ని ఆ ఏడాది దగ్గర నుంచి చూశాక నా మాట మార్చుకున్నాను.

పాముకాటు మందు విషయంలో మీకు తెలియని విశేషం ఒకటుంది. శ్రీలంక వాడే యాంటీ వీనమ్ మన దేశంలో తయారైందే. మన నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజరల విషంతో చేసింది. ఆ విషంలో చాలా భాగం తమిళనాడులోని ఇరుళ తెగవాళ్ల సహకార సంఘం పట్టే పాముల నుంచి వస్తుంది. అక్కడ ఎక్కువగా కరిచే కునకటువా అనే చిన్న పాముకు మాత్రం ఆ మందు పనిచేయదని మా ట్రైనీలే నాకు చెప్పారు. నా పాముకాటు పాఠంలో ఒక పేజీ వాళ్లు నేర్పిందే.

ఆ మందు తయారయ్యేది మన దేశంలోనే. మీ పీహెచ్‌సీ ఫ్రిజ్ దాకా రాలేదంటే, నా అనుభవంలో కారణాలు దగ్గర్లోనే ఉంటాయి: ఇండెంట్ (మందులు పంపమని పెట్టే కోరిక) సమయానికి పెట్టకపోవడం, గడువు తీరిన వయల్స్ (మందు సీసాలు) స్థానంలో కొత్తవి తెప్పించకపోవడం, ఎక్కించడానికి రాత్రి డాక్టరు లేకపోవడం. ఓడను ఆపినా ఇవి మారవు. కాబట్టి మీ ఫిర్యాదును వదలకండి. మీ ఊరి సర్పంచ్ సంతకంతో డీఎంహెచ్‌ఓకు (జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి) రాసి ఇవ్వండి. బాబాయి గారిని తీసుకెళ్లిన తేదీ, సమయం వేసి, ఆ రోజు స్టాక్ రిజిస్టర్‌లో యాంటీ వీనమ్ వయల్స్ ఎన్ని ఉన్నాయో రాతపూర్వకంగా చెప్పమని అడగండి. అందినట్టు ముద్ర వేయించుకోవడం మర్చిపోకండి. కాగితం ఎలా రాయాలో తెలియకపోతే ఇక్కడే అడగండి, నేను రాసిపెడతాను.