మోకాళ్లు అరిగితే నడవకూడదా?

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. మోకాళ్లు అరిగాయన్నారు. నడిస్తే ఇంకా అరుగుతాయేమోనని భయం. ఇంట్లో ఏ వ్యాయామం చేయొచ్చు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ భయం వదిలేయండమ్మా. కదలకుండా కూర్చుంటేనే తొడ ముందు కండరం చిక్కిపోయి, భారమంతా కీలు మీద పడుతుంది. మంచం మీద కాళ్లు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ 5 సెకన్లు ఉంచండి. ఒక్కో కాలికి 10 సార్లు, రెండు పూటలా. ఊపిరి మాత్రం బిగపట్టొద్దు, చాలామంది పొరపాటు అక్కడే. వారం తర్వాత, గోడకు ఆనించిన కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి, మెల్లగా కూర్చోవడం మొదలుపెట్టండి. ముందు 5 సార్లు చాలు. కుర్చీ ఎత్తు తక్కువైతే దిండు వేసుకోండి.

చేసేటప్పుడు కొద్దిపాటి నొప్పి సహజమే. మర్నాటికీ తగ్గకపోతే సంఖ్య సగం చేయండి, మానేయకండి. తేడా తెలియడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. రెండో వారంలోనే విసిగి ఆపేసేవాళ్లూ ఉంటారు. అధిక బరువుంటే, ఒక కిలో తగ్గినా అడుగడుగుకీ మోకాలిపై దాదాపు 4 కిలోల భారం తగ్గుతుంది.

మోకాలు ఎర్రబడి వేడెక్కినా, జ్వరమొచ్చినా, పిక్క వాచినా వ్యాయామం ఆపి వెంటనే డాక్టరుకు చూపించుకోండి.