బాంబుల పని కాదండీ, వాసన పట్టే పని

తెనాలి నుంచి ఒక నాన్నగారు రాశారు. ఆయనకి ఎరువుల షాపు. అమ్మాయి ఎనలిటికల్ కెమిస్ట్రీలో ఎంఎస్సీ ఈ ఏడే పూర్తి చేసింది, పరిశోధనకీ, లెక్చరర్ పనికీ అర్హత ఇచ్చే నెట్ పరీక్ష కూడా కొట్టింది. హైదరాబాద్ నాచారంలో ఒక మందుల కంపెనీ క్యూసీలో, అంటే నాణ్యత పరీక్షించే విభాగంలో, నెలకి 22 వేల ఉద్యోగం చేతిలో ఉంది. ఈలోగా హైదరాబాద్‌లోనే ఒక యూనివర్సిటీ ల్యాబ్ వాళ్ళు జేఆర్‌ఎఫ్‌గా, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోగా, రమ్మన్నారు. పేలుడు పదార్థాల నుంచి వచ్చే ఆవిరిని పసిగట్టే పరికరాల సెన్సిటివిటీ, అంటే ఎంత కొంచెమైనా పట్టేసే గుణం, పెంచడం ఆ ప్రాజెక్టు పని. "ఆడపిల్లకి బాంబుల పనేంటండీ, పైగా ఎయిర్‌పోర్టుల్లో ఆ మెషీన్లు ఎప్పటి నుంచో ఉన్నాయి కదా, ఇంకా కనిపెట్టేదేముంటుంది, ఐదేళ్ళు పోయాక ఆ చదువుకి ఉద్యోగం ఎవరిస్తారు" అని అడిగారు.

నమస్తే అండీ. ముందు భయం సంగతి తేల్చేద్దాం. ఇలాంటి ల్యాబుల్లో రోజూ వాడేదాన్ని స్టాండర్డ్ అంటారు. చిన్న గాజు యాంపూల్‌లో ఒక మిల్లీలీటరు ద్రావకం, అందులో కరిగి ఉన్న టీఎన్‌టీయో ఆర్‌డీఎక్సో మామూలుగా ఒక మిల్లీగ్రాము, అంటే బియ్యపు గింజలో ఇరవయ్యో వంతు. దాన్ని కూడా వెయ్యి రెట్లు, లక్ష రెట్లు పలచన చేసుకుని వాడతారు, అది పేలేది కాదు. అసలు జాగ్రత్తగా ఉండాల్సింది ఆ ద్రావకంతోనే. ఎసిటోనైట్రైల్ అని, మండుతుంది, విషం కూడా. మీరు సేఫ్ అనుకుంటున్న క్యూసీ ల్యాబులో మందులోని పదార్థాల్ని విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషీన్లకి దాన్నే లీటర్ల లెక్కన పోస్తారు. నిజంగా పేల్చి చూసే పరీక్షలు వేరే చోట, వేరే మనుషులు, వేరే అనుమతులతో చేస్తారు, మీ అమ్మాయి అటు వైపు వెళ్ళదు.

ఇక ఎయిర్‌పోర్టు మెషీన్ల మాట. అక్కడ సెక్యూరిటీ ఆయన ఒక పట్టీతో బ్యాగు జిప్పు, హ్యాండిలు తుడిచి మెషీన్లో పెట్టడం మీరు చూసే ఉంటారు. అది గాలి వాసన చూడటం కాదు, తుడిస్తే అంటుకొచ్చిన కంటికి కనపడని దుమ్ముని పట్టుకోవడం. లోపల ఆ దుమ్ముని వేడి చేసి ఆవిరి చేస్తారు, ఆ అణువులకి విద్యుదావేశం ఇచ్చి ఒక గొట్టంలో పరిగెత్తిస్తారు, ఎవరు ఎంతసేపట్లో అవతలి కొసకి చేరారో చూసి పేరు చెబుతారు. 1970 ప్రాంతం నుంచీ ఉన్న పద్ధతే, నానోగ్రాముల దాకా, అంటే గ్రాములో వంద కోట్లో వంతు దాకా, పట్టేస్తుంది. అయితే ముట్టుకోకుండా, ఊరికే గాలి పీల్చి "ఈ పెట్టెలో ఉంది" అని చెప్పడం వేరే విద్య. అది ఇప్పటికీ ఎక్కువగా కుక్కల చేతుల్లోనే ఉంది, మొయినాబాద్ దగ్గర పోలీసు జాగిలాలకి ఇంకా శిక్షణ ఇస్తున్నారంటే ఊరికే కాదు.

ఎందుకంత కష్టమో ఒక లెక్క చూడండి. గది వేడిలో, మూత పెట్టిన డబ్బాలో టీఎన్‌టీ ఉంచితే, పైనున్న గాలిలో వంద కోట్ల అణువులకి టీఎన్‌టీ అణువులు పదికి మించవు. ఆర్‌డీఎక్స్ అయితే దానికి వెయ్యో వంతు కన్నా తక్కువే, లక్ష కోట్ల అణువుల్లో నాలుగైదు. ఏడెనిమిది గూడ్స్ రైళ్ళ నిండా బియ్యం పోసి అందులో నాలుగైదు గింజలు వెతకమన్నట్టు. అది కూడా మూత పెట్టిన డబ్బాలో, బయట గాలికి ఇంకెంత పలచబడుతుందో మీరే ఊహించుకోండి. దీనికి తోడు ఈ అణువులకి జిగురు గుణం. గరిటెకి నెయ్యి అంటుకున్నట్టు గొట్టం గోడలకి అంటుకుపోతాయి, సెన్సార్ దాకా వచ్చేవి ఏ కొన్నో. అందుకే సెన్సిటివిటీ పెంచడం అంటే సెన్సార్ ఒక్కటే మార్చడం అనుకోకండి. సగం పని దారిలోనే ఉంటుంది, గొట్టాన్ని వేడిగా ఉంచడం, లోపలి పూత మార్చడం, గాలిని కొంతసేపు ఒక జల్లెడలాంటి పదార్థం మీదుగా పోనిచ్చి అణువుల్ని పోగేసి, తర్వాత ఒక్కసారిగా వేడి చేసి గుంపుగా సెన్సార్ మీదకి వదలడం.

సెన్సార్ వైపు కూడా అందమైన పనులున్నాయి, మీ అమ్మాయికి నచ్చుతుందని ఒకటి చెబుతాను. అమెరికాలో ఎంఐటీలో టిమోతీ స్వేగర్ అనే ఆయన బృందం 1998లో వెలుగు చిమ్మే పాలిమర్, అంటే పొడవాటి గొలుసులాంటి అణువు, ఒకటి చూపించింది. మామూలు మెరిసే రంగులో అయితే ఒక టీఎన్‌టీ అణువు వచ్చి కూర్చుంటే ఆ ఒక్క అణువు వెలుగే పోతుంది. ఈ పాలిమర్‌లో గొలుసంతా కలిసి ఉంటుంది కాబట్టి ఒకచోట తగిలితే చుట్టుపక్కలంతా ఆరిపోతుంది, పెళ్ళి పందిట్లో సీరియల్ బల్బుల తోరణం ఒక్క బల్బు పోతే మొత్తం ఆరినట్టు. చేత్తో పట్టుకునే పరికరాలు అందులోంచే వచ్చాయి. మన దగ్గర 2021లో ఐఐటీ బాంబేలో పుట్టిన స్టార్టప్ నానోస్నిఫర్ అని పేలుడు పదార్థాల్ని పట్టే పరికరం ఒకటి విడుదల చేసింది, సిలికాన్ మీద చెక్కిన సూక్ష్మ సెన్సార్‌తో. దాని వెనకున్న పరిశోధనలో ముఖ్యుడు రాంగోపాల్ రావు గారు. కొల్లాపూర్ మనిషి, వరంగల్లో బీటెక్ చేశారు. కెమిస్ట్రీ మనిషి కాదు, ఎలక్ట్రానిక్స్. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఈ రంగంలో మీ అమ్మాయి కెమిస్ట్రీ ఒక్కటే పట్టుకుని కూర్చుంటే కుదరదు, కొంచెం సర్క్యూట్లు, కొంచెం పైథాన్ ప్రోగ్రామింగ్ అంటించుకోవాలి.

ఇప్పుడు అసలు విషయం. ఆమె అక్కడ నేర్చుకునేది పేలుడు పదార్థాల గురించి కాదు, ఉన్నదా లేదా అన్నంత కొంచెం వస్తువుని ఉందని నమ్మకంగా చెప్పడం. నేను కౌన్సెలింగ్‌లోకి రాకముందు ఏడేళ్ళు ఒక ఫార్మా ల్యాబులో చేశాను, పేరెందుకు లెండి. ఒకసారి జీసీలో, అంటే ఆవిరి చేసి పదార్థాల్ని విడదీసే మెషీన్లో, ఏమీ కలపని ఖాళీ శాంపిల్ (బ్లాంక్) ఎక్కించినా పద్నాలుగో నిమిషంలో గీత మీద బుల్లి పీక్ ఒకటి లేచేది. పదార్థాల్ని విడదీసే గొట్టం (కాలమ్) మార్చాం, ద్రావకం మార్చాం, మా మేనేజర్ చివరికి మమ్మల్నే అనుమానించాడు. మూడు రోజుల తర్వాత తేలింది, సూది గుచ్చే చోట ఉండే రబ్బరు బిళ్ళ వేడికి వదులుతున్న పదార్థం అది. మెషీన్ అంత సున్నితం కాకపోయి ఉంటే అసలు కనపడేదే కాదు. సెన్సిటివిటీ పెరిగే కొద్దీ అక్కర్లేనివన్నీ కూడా కనపడటం మొదలవుతుంది. పేలుడు పదార్థాల మెషీన్లకీ అదే గొడవ. చేతికి రాసుకున్న క్రీమ్‌లోని గ్లిజరిన్‌కి అలారం మోగొచ్చు, గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ మాత్ర అయితే అసలు పేలుడు పదార్థమే, ఇక నైట్రేట్ ఎరువులు పట్టుకున్న చేతుల సంగతి మీకు చెప్పక్కర్లేదు.

ఉద్యోగాల విషయంలో మీ టెన్షన్ నాకు అర్థమైంది, కానీ అక్కడే మీరు పొరబడుతున్నారు. 2018లో వల్సార్టాన్ అనే బీపీ మందులో ఎన్‌డీఎంఏ అనే మలినం బయటపడి ప్రపంచమంతా బ్యాచులు వెనక్కి తీసుకున్నారు. దానికి పెట్టిన హద్దు రోజుకి 96 నానోగ్రాములు. అప్పటి నుంచి ప్రతి మందుల కంపెనీకీ ఇంత చిన్న మోతాదులు వెతికే మనుషులు కావాలి, అదే నాచారం, అదే జీడిమెట్ల. అంటే ఇప్పుడు వదులుకుంటున్న గుమ్మంలోకే రేపు పెద్ద కుర్చీకి తిరిగి రావచ్చు. అటు పోకపోతే రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ ఉంది, గేట్ పరీక్షలో స్కోరు తెచ్చుకుంటే సైంటిస్ట్ బి ఉద్యోగం, బేసిక్ జీతం 56,100. పుణేలో వాళ్ళ హెచ్‌ఈఎంఆర్‌ఎల్ ల్యాబు బెంగళూరు ఐఐఎస్సీతో కలిసి చేసిన రైడర్-ఎక్స్ అనే పరికరాన్ని 2020లో బయటపెట్టింది, రెండు మీటర్ల దూరం నుంచి 20 రకాల పేలుడు పదార్థాల్ని పడుతుందని చెప్పారు. ఫోరెన్సిక్ అంటే రామంతాపూర్‌లో కేంద్ర ల్యాబ్ ఉంది. గాలి కాలుష్యం, కూరగాయల్లో పురుగుమందులు, ఇవన్నీ ఇదే విద్య.

అలాగని కళ్ళు మూసుకుని చేర్చమనను. ఆమెకి నెట్‌లో జేఆర్‌ఎఫ్ వచ్చిందా, లెక్చరర్‌షిప్ మాత్రమేనా? జేఆర్‌ఎఫ్ అయితే ఫెలోషిప్ ఆమె పేరు మీదే ఉంటుంది, మొదటి రెండేళ్ళు నెలకి 37 వేలు, తర్వాత 42 వేలు, పైన ఇంటద్దె. ప్రాజెక్టు డబ్బు మీద మాత్రమే అయితే ప్రాజెక్టు ముగిసిన రోజే జీతమూ ముగుస్తుంది, పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ ఎప్పుడిస్తారో చేరకముందే గట్టిగా అడగాలి. రక్షణ శాఖ డబ్బైతే పేపర్లు బయటికి పంపడానికి ముందు అనుమతి కావాల్సి రావచ్చు, అదీ అడగాలి.

ఇంకొకటి, ఇది అమ్మాయికే. అమ్మా, ఆ ల్యాబులో నిజంగా ఆవిరితో పరీక్షిస్తారా, లేక ద్రావణం చుక్క వెండి నానోకణాల మీద ఆరబెట్టి లేజర్ వెలుగుతో పదార్థాన్ని గుర్తుపట్టే రామన్ స్పెక్ట్రమ్ తీసి "ఇంత తక్కువ పట్టాం" అని రాసేస్తారా చూసుకో. రెండోది చెడ్డ సైన్స్ అనను, కానీ చుక్కలో పట్టడం వేరు, గాలిలో పట్టడం వేరు, ఆవిరి సెన్సార్ అని పేరు పెట్టి చుక్కలతో ఐదేళ్ళు గడిపేసినవాళ్ళు నాకు తెలుసు. తెలిసినంత ఆవిరిని నిలకడగా ఇచ్చే జనరేటర్ ఉందా అని అడుగు. బ్లాంకులు రోజుకి ఎన్ని నడుపుతారు, పెర్‌ఫ్యూమ్, డీజిల్ పొగ లాంటివి కలిపి ఎప్పుడైనా చూశారా అని అడుగు. వీటికి మొహం చిట్లిస్తే నాచారం వెళ్ళిపో, ఉత్సాహంగా లేచి మెషీన్ చూపిస్తే చేరిపో.

నాన్నగారూ, కంపెనీ వాళ్ళని జాయినింగ్‌కి పది రోజులు గడువు అడిగించండి, మామూలుగా కాదనరు. ఈలోగా ఆమెని ఆ ల్యాబుకి పంపండి, గైడ్‌తో మాట్లాడాక సీనియర్లతో క్యాంటీన్‌లో టీ తాగి రమ్మనండి, నిజాలు అక్కడ తెలుస్తాయి. మీరూ తోడు వెళ్తానంటే వెళ్ళండి గానీ, షాపు నుంచి సరాసరి మాత్రం వద్దు. స్నానం చేసి బట్టలు మార్చుకుని వెళ్ళండి, లేకపోతే ఆ రోజు వాళ్ళ బ్లాంకులన్నీ పాడవుతాయి.